కొంగకాలి గుర్తు

ఆల్డర్‌వాష్,
4 మార్చి 1951

హెస్టర్ అక్కకి,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నాడేమిటి వీడు అనుకోకు. మన ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మిసెస్ పాస్క్ కూర్చున్నంత కాలం ఫోన్‌లో ఇంటి సంగతులు మాట్లాడటం, చర్చి గంట కొట్టి చెప్పటం రెండూ ఒకటే. పోయిన వారం మందుల షాపుకి ఫోన్ చేస్తే మధ్యలో దూరి, "ఆ పెద్ద పొట్టేలుకి ఇంకా విరేచనాలు తగ్గలేదా ఆంబ్రోజ్?" అని అడిగింది.

విషయానికి వస్తాను. మన వెరిటీకి ముప్ఫై నిండటానికి ఇంకా రెండేళ్లే ఉన్నాయి. పెళ్లి మాటెత్తినప్పుడల్లా "గొర్రెలు ఈనే రోజులు నాన్నా, తర్వాత చూద్దాం" అని తప్పించుకునేది. ఇప్పుడు సరిగ్గా గొర్రెలు ఈనే రోజుల్లోనే తనంతట తనే ఎత్తింది. ఎవర్ని చేసుకుంటుందో తెలుసా? పశువుల డాక్టర్ మార్టిన్ నోక్స్‌ని. పనిమంతుడే, కాదనను. అడ్డం తిరిగిన గొర్రెపిల్లని వాడు లాగినట్టు ఈ చుట్టుపక్కల ఎవరూ లాగలేరు. కానీ అక్కా, వాడికి ముందూ వెనకా ఎవరూ లేరు. అనాథాశ్రమంలో పెరిగాడు. ఇంటిపేరు కూడా వాళ్లు పెట్టిందే. ఆ నెల దొరికిన పిల్లలకి ఎన్ అక్షరం వంతు వచ్చిందట. "మీరు ఈ ఏడాది పొట్టేళ్లన్నిటికీ జె అక్షరంతో పెట్టారు కదా సార్, అలాగే" అని నా మొహం మీదే నవ్వుతూ చెప్పాడు. సిగ్గు కూడా లేదు.

వాష్‌లాండ్ గొర్రెల సంఘంలో, గొర్రెల వంశాలు నమోదు చేసే మంద పుస్తకానికి ఇరవై రెండేళ్లుగా పెద్దని నేను. ఊరూ పేరూ లేని గొర్రె ఎంత బొద్దుగా ఉన్నా ఆ పుస్తకంలో అడుగు పెట్టనివ్వలేదు. దాని సంతానాన్ని వరసగా నాలుగు తరాల పాటు మంచి వంశంతో దాటిస్తే, ఆ నాలుగో తరం పిల్లని అప్పుడు చూద్దాం అంటాను. ఆ నియమం రాసింది నేనే. అలాంటిది నా కూతురే జనం నన్ను చూసి నవ్వే పని చేస్తే నలుగురిలో తలెలా ఎత్తుకోను? ఈ పెళ్లి చేసుకుంటే నా గడప తొక్కద్దని చెప్పేశాను. వెరిటీ మన ఇంటి మంద పుస్తకం ముందేసుకుని ఆ రోజు పుట్టిన పిల్లల వివరాలు రాసుకుంటూ కూర్చుంది. పదేళ్లుగా ఆ పుస్తకం దాని చేతిరాతే.

అందుకని నీతో పని పడింది. నువ్వు బడిపంతులమ్మ పని మానేశాక జిల్లా రికార్డుల గదిలో పాత చర్చి పుస్తకాలు సర్దుతున్నావు కదా. మన వంశవృక్షం గీసి పంపు. తొమ్మిది వందల ఏళ్ల కిందట విలియం రాజుతో ఓడలో వచ్చిన నార్మన్ దొరల దగ్గర మొదలుపెట్టు. లమ్మాస్ పండుగకి ఆ పేరు మన ఇంటిపేరు చూసే పెట్టారని తాతయ్య చెప్పేవాడు, గుర్తుందిగా. సెప్టెంబరు పదిహేనున సంఘం విందు. ఆ వంశవృక్షాన్ని అందరి ముందూ విప్పించి చదివిస్తాను. తను పారేసుకుంటున్న నెత్తురు ఎలాంటిదో వెరిటీకి అప్పుడు తెలుస్తుంది.

నీ దగ్గు ఎలా ఉంది?

తమ్ముడు,
ఆంబ్రోజ్

—

లింకన్,
9 మార్చి

ఒరేయ్ ఆంబ్రోజ్,

దగ్గు బాగానే ఉంది, నేనే బాగా లేను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి రాలేదు.

పండుగ మన పేరు చూసి పెట్టలేదురా. ఆగస్టు ఒకటిన కొత్త గోధుమలతో రొట్టె చేసి చర్చికి తీసుకుపోయే పండుగది. మన ముత్తాత పుట్టక ముందు వెయ్యేళ్ల నుంచీ ఉంది. తాతయ్య బీరు తాగాక చెప్పిన వాటిలో సగం నాన్నే నమ్మేవాడు కాదు.

నువ్వు రోజుకి ఇరవైసార్లు పెడిగ్రీ, పెడిగ్రీ అంటావు కదా, అసలు ఆ మాటకి అర్థం తెలుసా? పాత ఫ్రెంచిలో కొంగకాలు అని. వంశాలు రాసే గుమాస్తాలు తండ్రి పేరు రాసి, దాని కింద ఒకచోట నుంచి మూడు గీతలు కిందికి లాగి పిల్లల పేర్లు రాసేవారట. అది బురదలో కొంగ వేసిన అడుగులా కనిపించింది వాళ్లకి. ఆ పేరే నిలిచిపోయింది. మీ సంఘంవాళ్లు ఛాతీ విరుచుకుని పలికే మాటంతా కలిపి బురదలో పిట్ట అడుగు, అంతే.

అడిగావు కాబట్టి వెతుకుతాను. కానీ వెతికినప్పుడు దొరికిందే రాస్తాను, నువ్వు కోరింది రాయను. మార్టిన్ గురించి నువ్వు రాసిన ముక్కలో "పనిమంతుడే" అన్న మాటొక్కటే నాకు నచ్చింది.

వెరిటీని కేకలేయకు.

హెస్టర్

—

లింకన్,
2 ఏప్రిల్

ఆంబ్రోజ్,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. గొర్రెలు ఈనుతున్నాయి, ఉత్తరాలకి తీరికెక్కడిదిలే.

ఒకటి దొరికింది. 1826లో మన ముత్తాత జోనాస్ లమ్మాస్ పెళ్లి నమోదు. పెళ్లికూతురు సారా, తిరగలి మిల్లు యజమాని కూతురు. కింద ముత్తాత పెట్టిన గుర్తు ఉంది. పల్చటి కాగితం వేసి దాన్ని యథాతథంగా దించి ఇందులో పెట్టాను. ఒకచోట నుంచి కిందికి మూడు గీతలు. నిన్న మొన్న నీకు రాసిన కొంగకాలే నాకూ గుర్తొచ్చింది.

రెండో పేజీ నిదానంగా చదువు. అసలు సంగతి అందులో ఉంది.

హెస్టర్

—

ఆల్డర్‌వాష్,
20 ఏప్రిల్

ప్రియమైన అక్కా,

నీ చేతులకి మొక్కాలి. ఆ గుర్తు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కొంగకాలు! పెడిగ్రీ అనే మాటకే పుట్టిల్లు మన ఇల్లన్నమాట. అది మన వంశం చిహ్నం. ఏ దొర కవచం మీద చూసినా సింహాలూ డేగలే. కొంగకాలు ఎవరికుంది? దేశం మొత్తం వంశాలు రాసుకున్నది మన గుర్తుతోనే. తాతయ్య ఉత్తినే చెప్పలేదు.

రెండో పేజీ జేబులో పెట్టుకుని దొడ్లోకి వెళ్లాను. వెరిటీ సీసా పాలతో పెంచుతున్న తల్లిలేని పిల్ల ఒకటి ఉంది, అది జేబులోంచి లాగి నమిలేసింది. మళ్లీ రాసే శ్రమ పడకు. ముఖ్యమైనది అర్థమైపోయింది.

బోర్డులు రాసే వాకర్‌ని పిలిపించి పెద్ద గేటు మీద ఆ గుర్తు వేయించాను, నల్లటి నేల మీద తెల్లగా, రెండడుగుల ఎత్తున. గొర్రెల బండి మీద, ప్రదర్శనలో పొట్టేళ్లకి కప్పే దుప్పట్ల మీద కూడా. ఉత్తరాల కాగితాల మీద అచ్చు వేయించాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. వెరిటీ గేటు చూసి, "ఇదేంటి నాన్నా?" అంది. చెప్పాను. "అత్త నిజంగా అలా రాసిందా?" అని అడిగింది. ఈ పిల్లకి నా మాట మీద నమ్మకం పోయింది అక్కా, బాధేస్తుంది.

మార్టిన్ ఇంకా గొర్రెలకి వస్తూనే ఉన్నాడు. గుమ్మం దగ్గర ఆపి పని చెప్పి పంపేస్తున్నాను.

నీ తమ్ముడు

—

లింకన్,
23 ఏప్రిల్

ఆంబ్రోజ్,

ఈ ఉత్తరం ఇంట్లో కూర్చుని, తలుపేసుకుని చదువు. గొర్రెల దగ్గరికి తీసుకెళ్లకు. అసలు సంగతి మొదటి పేజీలోనే రాస్తున్నాను.

అది వంశం చిహ్నం కాదురా నాయనా. వేలిముద్ర లాంటిది. ముత్తాతకి చదువు రాదు. సంతకం చేయమంటే, కలం పట్టుకోవటం తెలియక మూడు గీతలు గీశాడు. పక్కనే పాస్టరుగారు "జోనాస్ లమ్మాస్ గుర్తు" అని రాసుకున్నారు. తిరగలి మిల్లు సారా మాత్రం తన పేరు తను చక్కగా రాసుకుంది.

ఇంకోటి. ముత్తాత పుట్టిన నమోదు కోసం వెతికాను. తండ్రి పేరు లేదు, తల్లి పేరు లేదు. ఊరి పేదల ఖర్చు చూసే పెద్దలు రాసిన పుస్తకంలో దొరికింది: "1799 ఆగస్టు ఒకటి. చర్చి వాకిట్లో గోనెపట్టలో చుట్టి వదిలేసిన మగబిడ్డ. కాపరి భార్యకి పాలివ్వమని అప్పగించాం. పండుగ రోజు దొరికాడు గనక లమ్మాస్ అని పేరు పెట్టాం." అంతకు ముందు మనకేమీ లేదు. నార్మన్లూ లేరు, ఓడా లేదు.

ఇక తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే మాటలు ఆపేసి, కూతురి పెళ్లి సంగతి చూడు.

గేటు మీద రంగు కొట్టించెయ్యి, నీకు పుణ్యముంటుంది.

హెస్టర్

—

ఆల్డర్‌వాష్,
14 మే

ప్రియమైన అక్కా,

తలుపేసుకునే చదివాను. మొదట రెండు రోజులు అన్నం సహించలేదు, ఒప్పుకుంటాను. తర్వాత దొడ్లో కంచె వేస్తూ నిదానంగా ఆలోచిస్తే అంతా విడిపోయింది.

నువ్వు బడి పంతులమ్మవి, పుస్తకంలో ఉన్నదే చూస్తావు. నేను పశువుల్ని పెంచేవాణ్ని. బిడ్డని ఎవరు వదులుతారు అక్కా? కూలివాడు వదలడు, వాడికి రేపు పనికి చేతులు కావాలి. 1799లో ఎటు చూసినా యుద్ధాలు. ఫ్రాన్సు నుంచి ఎంతమంది ప్రభువులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చారు! శత్రువుల కంట పడకుండా వారసుణ్ని దాచారు. గోనెపట్ట అన్నావు, అది మారువేషం. చర్చి వాకిలే ఎంచుకున్నారు చూశావా, పశువుల కొట్టం కాదు. చదువు రాదంటావా, పెద్ద దొరలకి సంతకం అవసరమేమిటి, గుమాస్తాలు ఉండేవారు. చేతిలోకి కలమిస్తే ఆ నెత్తురు తనకి తెలియకుండానే తన గుర్తు గీసింది. ఏటి పుట్టుకా శూరుడి పుట్టుకా అడగకూడదంటారు, ఊరికే అన్నారా? ఇవన్నీ కలిపి చూస్తే మనం నార్మన్ల కంటే ఓ మెట్టు పైనేనని అనిపిస్తోంది.

వంశవృక్షంలో జోనాస్ పైన చుక్కలు పెట్టి వదిలెయ్. విందులో నేను నోటితో చెప్తాను.

ఇక్కడో చిన్న చికాకు వచ్చింది. గేటు మీద గుర్తు చూసి పోస్ట్‌మాన్ మొన్న, "సైన్యం ఎప్పుడు స్వాధీనం చేసుకుంటోందండీ?" అన్నాడు. ప్రభుత్వం సొత్తు మీద, వెనకటి జైలు ఖైదీల బట్టల మీద వేసే బాణం గుర్తు కూడా ఇలాగే ఉంటుందట. నేను పట్టించుకోలేదు. శుక్రవారం నేను సంతకి వెళ్లినప్పుడు ఏదో సైనిక లారీ వచ్చి దొడ్లో అరవై చుట్టలు ముళ్లతీగ దించేసి పోయింది. ఎవరూ వచ్చి తీసుకెళ్లటం లేదు. మిసెస్ పాస్క్ అయితే నన్ను జైల్లో పెడుతున్నారని ఊరంతా చెప్పింది.

వెరిటీ నాతో మాట్లాడటం తగ్గించింది. గొర్రెల సంగతి తప్ప ఇంకేదీ ఎత్తదు.

ఆంబ్రోజ్

—

లింకన్,
12 జూన్

ఆంబ్రోజ్,

నీ ఉత్తరం చదివి ముక్కున వేలేసుకున్నాను. పిచ్చికి కూడా ఒక పద్ధతి ఉంటుందని నిన్ను చూశాకే తెలిసింది.

సరే, నీ దారికే వస్తాను. వదిలేసిన బిడ్డంటే దాచిన రాజకుమారుడే అయితే, మార్టిన్ కూడా అంతే కదా. వాడిని వదిలింది మొదటి ప్రపంచ యుద్ధం నాడే, 1917లో. అప్పుడు రష్యాలో ఎంతమంది ప్రభువులు పారిపోయారు! నీ అల్లుడు ఏ రాజుగారి మనవడో. కుర్చీ తుడిచి కూర్చోబెట్టాలి నువ్వు. నీ లెక్క ముత్తాతకి సరిపోయి మార్టిన్‌కి ఎందుకు సరిపోదో ఒక్క ముక్కలో చెప్పు, చాలు.

వెరిటీ నిన్న సాయంత్రం బస్సులో వచ్చింది. రెండు పెట్టెలు తెచ్చుకుంది. గుమ్మంలో నిలబడి, "కొన్నాళ్లు ఉంటాను అత్తా" అంది. ఉండమన్నాను. పొద్దున టీ తాగుతూ, "మార్టిన్‌ని చేసుకుంటే నాన్నా గొర్రెలూ పోతారు, చేసుకోకపోతే మార్టిన్ పోతాడు. నేనెటు తిరిగినా ఎవర్నో వదిలేసినట్టే అత్తా" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

ఎందుకు తోచలేదో కూడా చెప్తాను, ఎప్పుడూ చెప్పలేదు గనక. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు కాలవల పని చూడటానికి ఓ ఇంజనీరు వచ్చాడు, రోజూ మన ఇంటి మీదుగా వెళ్లేవాడు. మంచి మనిషి. వాళ్లవాళ్లెవరో చెప్పలేకపోయాడని నాన్న గేటు దగ్గర నుంచే పంపేశాడు. నువ్వు నాన్న పక్కన నిలబడి ఉన్నావు, నీకు ఇరవై మూడు. నేను ఎదురు చెప్పలేదు. ముప్ఫై ఐదేళ్లయింది, ఆ చెప్పకపోవటం ఇప్పటికీ నన్ను వదల్లేదు. మన ముత్తాత ఎవరో అప్పుడు నాన్నకి తెలిసుంటే ఏమనేవాడో.

నా అన్నానికి తోడు దొరికింది, నాకు సంతోషమే. కానీ నీ ఇంట్లో ఎవరున్నారు ఇప్పుడు?

హెస్టర్

—

ఆల్డర్‌వాష్,
1 జులై

అక్కా,

ఉన్ని కత్తిరింపుల్లో ఉన్నాను, నాలుగు మాటలే రాస్తాను. 1799 వేరు, 1917 వేరు. అప్పటి అనాథలు వేరు. ఇందులో వాదించేదేమీ లేదు.

వెరిటీ చెప్పకుండా వెళ్లిందని కోపం వచ్చింది. తర్వాత మిసెస్ పాస్క్ దగ్గర విన్నాను, నీ దగ్గర వంశవృక్షం రాయటానికి సాయం చేస్తోందట. అంటే మనసు మారిందన్నమాట. నాకు ముందే తెలుసు, నెత్తురు ఎక్కడికి పోతుంది? దాని చేతిరాత బాగుంటుంది, పేర్లన్నీ దాని చేతే రాయించు. ఎర్ర రిబ్బన్ కట్టి పంపు.

మంద పుస్తకం రాసేవాళ్లు లేక మార్టిన్ వచ్చి రాస్తున్నాడు. వద్దనలేదు, కత్తిరింపుల రోజులు కదా. వాడి రాత కోడి గీకినట్టుంటుంది, కానీ తప్పులు లేవు.

ఆ ఇంజనీరు నాకు గుర్తే లేడు.

ఆంబ్రోజ్

—

లింకన్,
8 సెప్టెంబరు

ఆంబ్రోజ్,

నువ్వు అడిగింది పంపుతున్నాను, ఎర్ర రిబ్బన్‌తో సహా. ప్రతి అక్షరం వెరిటీయే రాసింది. ఎవరి మనసూ మారలేదు. ఆ మాట నీకు జులై నుంచీ మూడు ఉత్తరాల్లో రాశాను, నువ్వు ఒక్కదాంట్లోనూ చదవలేదు.

మామూలు వంశవృక్షంలా రాయలేదు. మీ సంఘం మంద పుస్తకంలో గొర్రెల్ని చేర్చుకోవటానికి వాడే దరఖాస్తు కాగితం ఉంది కదా, దాని మీదే రాశాం. మీరు నమ్మే పద్ధతిలోనే ఉంటే మీకు బాగా అర్థమవుతుందని.

దీన్ని ముందు నువ్వొక్కడివే చదువుకో. మరీ మరీ చెప్తున్నాను, విందుకి ముందు విప్పి చదువు. చదివాక కూడా అందరికీ చూపిస్తానంటే అది నీ ఇష్టం. వద్దనుకుంటే పొయ్యిలో పడెయ్యి, నేనేమీ అనుకోను. వెరిటీ కూడా అనుకోనంది.

హెస్టర్

—

ఆల్డర్‌వాష్,
17 సెప్టెంబరు

హెస్టర్,

తృప్తి తీరిందా?

రిబ్బన్ ముడి అంత అందంగా ఉంటే విప్పబుద్ధి కాలేదు, అలాగే అధ్యక్షుడి చేతికిచ్చాను. అది నా తప్పు. మటన్ వడ్డించటం అయ్యాక ఎనభై మంది ముందు ఆయన కళ్లజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని చదివాడు. నాకు ఒక్కో మాటా ఇంకా చెవుల్లోనే ఉంది.

"మూలం: జోనాస్. చర్చి వాకిట్లో దొరికింది. తండ్రి తెలియదు. తల్లి తెలియదు. మొదటి తరం: ఏబెల్, నమోదైన మిల్లు వంశపు తల్లికి పుట్టింది. రెండో తరం: జాషువా, నమోదైన తల్లి. మూడో తరం: ఆంబ్రోజ్, నమోదైన తల్లి. సంఘం నియమం పదకొండు ప్రకారం మూడో తరం పుస్తకంలో చేర్చటానికి అర్హత లేదు. నాలుగో తరం: వెరిటీ, ఆడ. అర్హురాలు."

ముందు ఎవరూ నవ్వలేదు. పదకొండో నియమం రాసింది ఎవరో అక్కడ అందరికీ తెలుసు. నావైపు చూస్తున్నారు. ఫ్రెంచి ప్రభువుల సంగతి చెప్దామని కుర్చీ వెనక్కి జరిపి లేచాను. అప్పుడు ఆ డాబ్సన్ గాడు, వాడి గొర్రెల్ని నేను మూడుసార్లు తిప్పి పంపాను, వెనక బల్ల దగ్గర నుంచి, "పోనీలే ఆంబ్రోజ్, పళ్లూ గిట్టలూ బాగున్నాయిగా, ఇంకో తరం చూద్దాం" అన్నాడు. ఇక ఆగలేదు, హాలంతా పగిలిపోయింది. అధ్యక్షుడు నవ్వాపుకుంటూ నా భుజం తట్టి, "నియమం నియమమే మరి" అన్నాడు.

తలకొట్టేసినట్టయింది. సొంత అక్కా, సొంత కూతురూ కలిసి చేశారు. పుస్తకం పెద్దరికానికి రాజీనామా పంపించేశాను. మీరిద్దరూ నాకు రాయక్కర్లేదు.

ఎ. లమ్మాస్

—

లింకన్,
20 సెప్టెంబరు

తమ్ముడూ,

రాయద్దన్నావు, రాస్తున్నాను.

నిన్ను పదిమందిలో నవ్వులపాలు చేయాలని పంపలేదు. ఒంటరిగా చదివి, ఓ గంట తిట్టుకుని, ఆ తర్వాత నవ్వుకుంటావని పంపాను. చదవకుండా ఇస్తావని నాకెందుకు తట్టలేదో, నిన్ను యాభై ఎనిమిదేళ్లుగా ఎరిగీ. ఆ మేరకు తప్పు నాదే, క్షమించు. ఆ డాబ్సన్ మాట విని వెరిటీ ఏడ్చింది. "నేను నాన్నకి చెప్పాలనుకున్నాను, వాళ్లకి కాదు" అంది. నా మీద కూడా కోపం తెచ్చుకుంది.

కానీ ఒక్కటి ఆలోచించు. నిన్న లేని మచ్చ ఇవాళ నీకేం వచ్చింది? శనివారం మధ్యాహ్నం వరకూ ఎంత మంచి రైతువో, ఆదివారం కూడా అంతే. ఆ ఎనభైమందిలో ఎంతమంది ముత్తాతల్ని తవ్వితే నిలబడతారో నాకు తెలుసు, రికార్డుల గది తాళాలు నా దగ్గరే ఉన్నాయి. డాబ్సన్ సంగతి చెప్పమంటే చెప్తాను, కానీ చెప్పను.

అన్నం మానేయకు.

హెస్టర్

—

ఆల్డర్‌వాష్,
28 అక్టోబరు

అక్కా,

ఐదు వారాలు ఇంట్లోంచి కదల్లేదు. సంతకి పోలేదు, చర్చికి పోలేదు. పడక మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను, అంత సిగ్గేసింది. ఫోన్ మోగితే తీయలేదు. తీయకపోయినా మిసెస్ పాస్క్‌కి అంతా తెలుసనుకో.

మంద ఏమైపోయిందో అని ఒకరోజు కిటికీలోంచి చూస్తే మార్టిన్ కనిపించాడు. నేను పిలవలేదు. రోజూ పొద్దున్నే వచ్చి కాళ్లు చూసి, మేత చూసి, పుస్తకం రాసి వెళ్లిపోతున్నాడట. పొట్టేళ్లని కలపాల్సిన రోజులొచ్చాయి, ఏ పొట్టేలుని ఏ గొర్రెల్లోకి వదలాలో నన్ను అడగాలి గనక చివరికి లోపలికొచ్చాడు. విందు మాట ఎత్తుతాడేమో అని చూశాను. ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక, "నవ్వాలనిపిస్తే నవ్వు" అన్నాను. వాడు టోపీ చేతిలో తిప్పుకుంటూ, "ఆదివారాలు మా ఆశ్రమానికి పిల్లల్ని పెంచుకోవాలనుకునేవాళ్లు వచ్చేవారండీ. వరసగా నిలబెట్టి నోరు తెరవమనేవారు. పళ్లు చూసి, చేతులు చూసి వెళ్లిపోయేవారు. నాకు పధ్నాలుగేళ్లు వచ్చేదాకా నిలబడ్డాను. అందుకని ఇలాంటి వాటికి నవ్వటం నాకు రాలేదు" అన్నాడు. తర్వాత, "ఆ మూడేళ్ల పొట్టేలుని కింది పొలంలోకి వదలమంటారా?" అని అడిగాడు.

ఆ పూట పొట్టేలు నోరు తెరిచి పళ్లు చూడబోయి చూడలేకపోయాను అక్కా.

ఆ ఇంజనీరు నాకు గుర్తున్నాడు. అబద్ధం రాశాను. నాన్న పంపేస్తుంటే నేను పక్కన నిలబడి నవ్వాను. ముప్ఫై ఐదేళ్ల నుంచి నీకు ఆ మాట చెప్పలేదు.

వెరిటీని పంపించు. పంపించు అనే అధికారం నాకు లేదు, రమ్మని అడుగు. వాళ్లిద్దరికీ ఏ రోజు వీలవుతుందో చూసుకుని పాస్టరుగారితో మాట్లాడతాను.

ఆంబ్రోజ్

—

ఆల్డర్‌వాష్,
25 నవంబరు

అక్కా,

నిన్న పెళ్లి అయిపోయింది. ఈ చలిలో నీ ఛాతీకి ప్రయాణం వద్దని డాక్టరు ఆపటం మంచిదే, చర్చిలో పొయ్యి సరిగ్గా రాజుకోలేదు, పాడుతుంటే అందరి నోళ్లలోంచీ పొగే. వెరిటీ, కాలం చేసిన వాళ్లమ్మ గౌనుని సరిచేయించుకుని వేసుకుంది. చేయి పట్టుకుని నడిపించుకెళ్లాను. సంఘం వాళ్లు పదిమంది దాకా వచ్చారు, డాబ్సన్ కూడా. పీటర్‌బరో నుంచి ఒక ముసలమ్మ వచ్చింది, ఆశ్రమంలో వంట చేసేదట. పెళ్లికొడుకు తరఫున ఆమె ఒక్కతే. ఆ పక్క బల్లలన్నీ ఖాళీగా ఉంటే మా పనివాళ్లంతా లేచి వెళ్లి అటు కూర్చున్నారు. నేను చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే వెళ్లారు.

అసలు నీకు రాయాలనుకున్నది ఇది. ప్రార్థన అయ్యాక పక్క గదిలోకి వెళ్లాం, రిజిస్టరులో సంతకాలకి. వెరిటీ గడిలో తండ్రి పేరు, వృత్తి అడిగారు. "ఆంబ్రోజ్ లమ్మాస్, రైతు" అన్నాను. రాసుకున్నారు. తర్వాత మార్టిన్ గడి. పాస్టరుగారు కొత్తవాడు, కుర్రవాడు, వీడి సంగతి తెలియదు. తల ఎత్తకుండానే, "తండ్రి పేరు?" అని అడిగాడు.

కొత్త కోటు, దానికి పువ్వు, పక్కన పెళ్లికూతురు, గది నిండా మనుషులు. ఏదో ఒకటి అడ్డం మాట్లాడదామని నోరు తెరిచాను. ఈలోపే వాడు, "లేదండీ. గీత గీసేయండి" అన్నాడు. టీలో చక్కెర వద్దన్నట్టు చెప్పాడు అక్కా. పాస్టరుగారు తడబడి, కలం ముంచుకుని, స్కేలు వెతుక్కుని, ఆ ఖాళీ గడిలో ఇటు నుంచి అటు గీత గీశాడు. వాడు ఆ గీత ఆరేదాకా ఓపిగ్గా చూసి, కింద సంతకం పెట్టాడు.

సంఘం మంద పుస్తకానికి వచ్చే దరఖాస్తుల్లో అలాంటి గీతలు కొన్ని వందలు నా చేత్తో గీశాను. "తండ్రి తెలియదు" అన్న మాట నేను ఒక్కసారి, ఒక్క విందులో విని, ఐదు వారాలు గోడ వైపు తిరిగి పడుకున్నాను. వాడు బళ్లో చేరిన రోజు చెప్పాడు, కాలేజీలో చెప్పాడు, సైన్యంలో చెప్పాడు, ఉద్యోగానికి చెప్పాడు, మార్చిలో నా గుమ్మంలో నిలబడి నాకూ చెప్పాడు, నవ్వుతూ చెప్పాడు. నేను దానికి సిగ్గు లేదని పేరు పెట్టాను.

సాక్షిగా నా పేరు ఆ గీత కిందే రాయాల్సి వచ్చింది. రాయటానికి చాలాసేపు పట్టింది.

ఆంబ్రోజ్